బావ తెరిచిన ఇరవై మూడు పేజీలు

మా బావకి మౌస్ అంటే పడదు. రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ల పనికి చేరిన మొదటిరోజే దాన్ని దాని తీగతోనే చుట్టి సొరుగులో పడేశాడు. పంతొమ్మిదేళ్ళుగా అది అక్కడే ఉంది. ఆయనకి కావలసింది నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. ఒక మాట టైపు చేస్తే పని జరిగిపోవాలి. ఇంట్లోనూ అంతే. "నీళ్ళు" అంటాడు, గ్లాసు వచ్చేదాకా చూస్తాడు. రాకపోతే మళ్ళీ అదే మాట, అదే గొంతుతో. "ఇంకోలా అడగొచ్చుగా అంటే వినడు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు," అంటుంది మా అక్క.

అదే ల్యాబులో ముందు హాల్లో టోకెన్లిచ్చే కౌంటరు నాది. బావది నడవా చివర, కిటికీ లేని గది. రోజూ పొద్దున ఆయన ఒక మాట కొడితే రిపోర్టులన్నీ డాక్టర్లకి వెళ్ళిపోతాయి. ఆ సోమవారం వెళ్ళలేదు. 'బ్రౌజర్ తెరిచాను, అందులో అనుమతి ఇవ్వండి' అని ఒక వాక్యం వచ్చి కూర్చుంది. ఇకమీదట అప్పుడప్పుడూ మనిషన్నవాడు ఒక పేజీ చూసి బటన్ నొక్కాలట. బావ ఎదురుచూశాడు. ఏ బ్రౌజరూ తెరుచుకోలేదు.

డైరెక్టరుగారు తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. "పదకొండింటికల్లా రిపోర్టులు వెళ్ళాలండీ. లేకపోతే రేపట్నుంచి బొమ్మలు నొక్కే సాఫ్ట్‌వేర్ పెట్టించేస్తాను. మీరు ముందు కౌంటర్లో కూర్చుందురుగాని."

కౌంటరంటే మనుషులతో మాట్లాడటం. బావకి అది జైలు. నేనెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు.

నేను వెళ్ళేసరికి ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. "తెరిచానంటోందిరా. ఎక్కడ తెరిచింది?" అన్నాడు.

"ఎవర్నైనా అడుగుదామా బావా?"

నా వంక చూడనైనా చూడలేదు. రిపోర్టులు పంపే ప్రోగ్రామును తీసేసి మళ్ళీ పెట్టాడు. ఏ బ్రౌజర్ తెరవాలో పేరు పెట్టి మరీ చెప్పాడు. తర్వాత అదే మాట మళ్ళీ మళ్ళీ కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ అది 'తెరిచాను' అనే అంది.

ఇక హాలు సంగతి. టోకెన్ నంబర్లు చూపించే పెద్ద తెర నా వీపు వెనక గోడకి ఉంటుంది. వేలితో తాకితే పనిచేసే రకం, కానీ ఎవరూ తాకరు, నన్నే అడుగుతారు. ఆ రోజు పరీక్షలకొచ్చినవాళ్ళు "నంబర్లు పోయాయి బాబూ" అన్నారు. "కూర్చోండి, పిలుస్తాం" అన్నాను. నా ఉద్యోగంలో అన్నిటికీ అదే జవాబు. తల తిప్పి చూడలేదు. ఎందుకైనా మంచిదని బావకి ఫోన్ చేశాను.

"గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇదొకటా," అన్నాడు. "ముందు నా పని కానీ, తర్వాత చూస్తా."

హాల్లో గొడవ మొదలైంది. 'మీ తరఫున పని చేయడానికి అనుమతిస్తారా?' అని ఆ తెర అడుగుతోందట. రక్తం తీయడానికే అడుగుతున్నారని జనం తేల్చుకున్నారు. రిటైరైన మాస్టారొకాయన లేచి, పూర్తిగా చదవకుండా దేనికీ ఒప్పుకోకూడదన్నాడు. సగం హాలు ఆయన వైపు. మిగతా సగం మంది రాత్రి నుంచి ఏమీ తినలేదు, వాళ్ళు దేనికైనా ఒప్పుకుంటారు. కాసేపటికోసారి అదే ప్రశ్న మళ్ళీ పైకొస్తుంటే, "చూశారా, ఎంత ఒత్తిడి పెడుతున్నారో," అన్నాడు మాస్టారు. నేను అందర్నీ కూర్చోమన్నాను.

పదకొండుకి పది నిమిషాలుండగా ఒక ముసలావిడ లేచి, నా పక్కనుంచే వెళ్ళి, తెర మీది నీలం బటన్ నొక్కేసింది. "నా రక్తం, నా ఇష్టం," అంది.

లోపల గదిలో 'అనుమతి అందింది' అని వచ్చింది. రిపోర్టులన్నీ వెళ్ళిపోయాయి.

బావ నడవాలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. "సాధించానురా," అన్నాడు, నా తల మీదుగా చూసి ఆగిపోయాడు. అప్పుడు నేనూ తిరిగి చూశాను. ఒకదాని మీద ఒకటి, ఇంకా ఇరవై రెండు పేజీలున్నాయి. ఇంకో కంప్యూటరు కావాలని ఎవర్నీ అడగడం ఇష్టంలేక, ఆ ప్రోగ్రామును ఒకప్పుడు బావే ఈ తెర వెనక కంప్యూటర్లో పెట్టాడు. గదిలోంచి ఆజ్ఞాపిస్తే, అది పాపం ఉన్నచోటే తెరిచింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని.

"ఎలా బాగుచేశారండీ?" డైరెక్టరుగారు వచ్చింది.

అబద్ధం చెబుతాడనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నాను కూడా, నా కుర్చీ కోసం.

"నేను చెయ్యలేదండి. ఈవిడ చేశారు," అన్నాడు బావ.

డైరెక్టరుగారు గడియారం చూసింది. "పదకొండు కాలేదుగా. మీ గది మీదే," అని వెళ్ళిపోయింది.

ముసలావిడ మాత్రం మిగిలిన పేజీలు ఒక్కొక్కటే నొక్కుతూనే ఉంది. బావ పక్కన చేతులు కట్టుకుని కాసేపు చూశాడు. అక్కకి చెబితే ఈరోజుకీ నమ్మదు.

"అమ్మా, ఎక్కడ నొక్కాలో నాకూ కాస్త చూపిస్తారా?" అన్నాడు.