కాలువ అవతలి పేజీ

మా అమ్మాయి కొత్త బొమ్మల పుస్తకం తెరవగానే జిగురు వాసన తగిలింది. నా వేలు నేరుగా నడిమి కుట్టు మీదికి వెళ్ళింది.

నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు టీచరుగారు ఊరి బొమ్మల పుస్తకం పరిచి, "మీ ఇల్లెక్కడో చూపించండర్రా" అన్నారు. గుడి, బజారు, కొబ్బరితోటలు, చివరి పేజీలో కాలువ. కాలువ అవతల మా పేట, మా చర్చి ఉండాలి. పుస్తకం అక్కడితో అయిపోయింది.

నా అనుమానం పక్కన కూర్చునే సుజాత మీదికి పోయింది. కాగితం పడవలు చేసి కాలువలో వదిలేది అదే. కుట్టులో చిరుగు కోసం గోరుతో వెతికి, "మా పేజీ ఎవరో చింపేసేరండీ" అన్నాను.

"ఏ పేజీ పోలేదమ్మా" అన్నారు టీచరుగారు, నా వంక చూడకుండా. నేను నమ్మలేదు. సాయంత్రందాకా సుజాత చేతులే చూస్తూ కూర్చున్నాను.

టీచరుగారు చెప్పింది నిజమే. మా అమ్మాయి పుస్తకంలోనూ ఊరుంది, మా పేటలాంటిది లేదు. కుట్టు మాత్రం ఎక్కడా తెగలేదు.