ఈస్టు మంత్రసాని

లాబ్‌లో అందరూ ఆమెను సూదక్క అంటారు. ఆ సూది బట్టలు కుట్టేది కాదు, వెంట్రుకంత సన్నని గాజు ముల్లు. మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి, ఊపిరి బిగబట్టి, ఆ ముల్లుతో ఈస్టు తల్లుల నుంచి పిల్లల్ని పక్కకు జరపడం ఆమె ఉద్యోగం.

పెళ్ళికి చాలా ఏళ్ళ ముందు తండ్రి గడియారాల దుకాణంలో ఆవగింజకన్నా చిన్న మరల్ని బిగించేది. చేతిగడియారం బాగుచేయించుకోవడానికి వచ్చిన లాబ్ మేడమ్ ఆ వేళ్ళనే కాసేపు చూసి, "మా దగ్గరికొస్తావా అమ్మా? ఇంతకన్నా చిన్న పని ఉంది" అంది. గడియారాలు బాగుచేయించుకునేవాళ్ళు అప్పటికే తగ్గిపోయారు. తండ్రి వెళ్ళమన్నాడు.

రొట్టెల పిండిని పొంగించే ఈస్టులో ఒక్కొక్కటీ ఒంటి కణం. దాని ఒంటిమీద ముందు చిన్న బొడిపె లేస్తుంది. అది మొగ్గలా పెరుగుతుంటే, తల్లి తన లోపలి సరుకులో కొంత సన్నని మెడగుండా అందులోకి చేరవేస్తుంది. చివరికి తన ప్రాణంలాంటి కేంద్రకాన్ని మెడ దగ్గరికి తెచ్చి, సాగదీసి, సగం అటు పంపి సగం తను ఉంచుకుంటుంది. అప్పుడు మెడ మూసుకుంటుంది, పిల్ల విడిపోతుంది. తల్లి ఒంటిమీద గుండ్రటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ పక్కనే మరో బొడిపె మొదలు. ఒక తల్లి ముసలిదయ్యేలోగా ఎందరిని కంటుందో మేడమ్‌కు తెలియాలి. పిల్లల్ని ఎప్పటికప్పుడు తీసేయకపోతే ఆ గుంపులో తల్లెవరో పిల్లెవరో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. సాయంత్రం ఈస్టు పెరిగే పళ్ళేలను ఫ్రిజ్‌లో పెడితే కాన్పులు ఆగిపోతాయి, సూదక్క ఇంటికి వెళ్తుంది.

కొత్త కాపురంలో అత్తగారు అడిగింది. "అక్కడ నువ్వు చేసే పనేంటే?"

"తల్లుల్నీ పిల్లల్నీ వేరుచేస్తాను అత్తయ్యా."

"అంటే పురుళ్ళు పోస్తావా?"

సూదక్కకు నవ్వొచ్చింది. "అలాంటిదేలెండి" అని కూర కలుపుకుంది. అక్కడే తప్పులో కాలేసింది. అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరక్కుండా ఆ భవనంలో నాలుగంతస్తులకూ తెలిసిపోయింది, పై వాటాలో మంత్రసాని ఉందని.

ఒక ఆదివారం మధ్యాహ్నం సూదక్క డాబా మీద దుప్పట్లు ఆరేస్తుంటే అత్తగారు రొప్పుతూ వచ్చింది. "చేతులు కడుక్కుని రా! కింద టాక్సీ డ్రైవర్ భార్యకి నొప్పులొచ్చాయి. మొగుడు బండేసుకుని ఎటో వెళ్ళాడు. నువ్వున్నావని ధైర్యం చెప్పొచ్చాను."

"నేనేంటి అత్తయ్యా? నాకేం తెలుసు?"

"వినయం తర్వాత చూపిద్దువుగాని, ముందు పద!"

కింద గదిలో నేలమీది పరుపుపై ఆ పిల్ల మంచం కోడు పట్టుకుని మూలుగుతోంది. రెండో కాన్పు, ఉమ్మనీరు అప్పటికే పోయింది. అంబులెన్సుకు ఫోన్ చేశారుగాని అది రైలు గేటు దగ్గర చిక్కుకుందట. అబద్ధంతో ఆ పిల్లను ముట్టుకోవడానికి సూదక్కకు మనసొప్పలేదు. పక్కన కూర్చుని చెప్పేసింది.

"చెల్లీ, నేను పురుళ్ళు పోసేది ఈస్టుకి. రొట్టెల్లో వేస్తారే, దానికి."

ఆ పిల్ల నొప్పికీ నొప్పికీ మధ్య గుడ్లప్పగించి చూసింది. "రొట్టెలకా?" అని పకపకా నవ్వింది. నవ్వుతుండగానే ఇంకో నొప్పి. "ఎవరైతే ఏంటక్కా, నా చెయ్యి వదలకు!"

ఫోన్‌లో అంబులెన్సు నర్సు గొంతు స్థిమితంగా ఉంది. "లాగకండి. తలొస్తే అరచేత్తో ఆనించుకోండి చాలు." సూదక్క అలాగే చేసింది. తల, భుజం, ఆ తర్వాత జర్రున మొత్తం బిడ్డ చేతుల్లోకి జారింది. ఆడపిల్ల. కెవ్వుమంది. గుమ్మంలో అత్తగారు అంతకన్నా గట్టిగా ఏడ్చింది.

"బొడ్డు కొయ్యకండి. వేరుచెయ్యొద్దు" అంది నర్సు. "తుడిచి, తల్లి గుండెలమీద పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి."

వేరుచెయ్యొద్దు! ఇన్నేళ్ళుగా విడిపోయిన పిల్లను విడిపోయినట్టే దూరం నెట్టిన చేతులు. ఇప్పుడు అవే ఇద్దరినీ కలిపి దుప్పటి అంచులు సర్దాయి. ఎందుకో ఆమెకు అది ఎంతో హాయిగా అనిపించింది. అంబులెన్సు వచ్చేదాకా తల్లీపిల్లా అలాగే ఒకరికొకరు అతుక్కుని ఉన్నారు. ఇద్దరూ క్షేమం.

అసలు కష్టం ఆ తర్వాత మెట్ల మీద మొదలైంది.

"ఈస్టుకా? ఈస్టుకా పురుళ్ళు? నా పరువేం కాను?" అత్తగారు కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగింది. ఒకరోజు తనే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. "పద. అదేదో నాకూ చూపించు."

మేడమ్ సరేనంది. అత్తగారు ఎత్తు స్టూలెక్కి మైక్రోస్కోపు మీదికి వంగింది. "ఏం కనపడదే. అంతా చీకటి."

"కళ్ళు తెరవండి అత్తయ్యా."

తెరిచింది. స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకుంది. "ఆ పెద్దది తల్లా? పక్కనంటుకున్న బుడిపి పిల్లా?"

"అవును. ఒంట్లో అరిగిపోయిన పాత సరుకు చాలావరకు తల్లే ఉంచేసుకుంటుంది. తల్లి ఎంత ముసలిదైనా పిల్ల కొత్తగా పుడుతుంది."

"మంచిదంతా దానికిచ్చి చెత్త తనుంచుకుందా? పిచ్చి మొహంది!" అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ వంగింది. దిగమన్నా స్టూలు దిగలేదు. మెడ మూసుకుని పిల్ల విడిపోయేదాకా చూస్తానంటూ అక్కడే కూర్చుని కాఫీ తెప్పించుకుంది.

పిల్ల విడిపోయాక సూదక్క పక్కనున్న రెండో గొట్టంలోంచి చూస్తూ ముల్లును కదిపే మరలు తిప్పుతుంటే, అత్తగారు కళ్ళు తీయకుండానే చెయ్యి పైకెత్తింది.

"మెల్లగా, మెల్లగా. తల్లికి తగలనివ్వకు."