చిన్నమ్మ మింగిన సగం మాత్ర

మొన్న ప్రొద్దుటూరులో ఒక డాక్టరమ్మ నా చీటీ రాస్తూ, "మీ ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉండేదా?" అని అడిగింది. ఈమెకు ఎవరు చెప్పారా అని ముందు అనుమానం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. మా వైపు మనుషులం ఊరి పేరు అడిగినా, ఎందుకడుగుతున్నారో తెలుసుకున్నాకే చెప్తాం. "మా చిన్నాయనకు ఉండేది" అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

పులివెందుల దగ్గర మా పల్లెలో అప్పట్లో ఒకరినొకరు చంపుకునే రెండు పార్టీలు. ఏ పార్టీలోనూ లేనివాళ్ళు కూడా వెనక్కి చూసుకుంటూ నడిచే రోజులు. మా నాయన తమ్ముడు చిన్నాయన ఎక్కడైనా గోడకు వీపు ఆనించే కూర్చునేవాడు. పోయిన దారిన తిరిగి వచ్చేవాడు కాదు. ఆయన తల్లి, మా జేజి, అది చూసి మురిసిపోయేది. "వాడు శానా ఉషారుగా ఉండాడు, మీరూ నేర్చుకోండి" అని మా మీద పడేది. ఇంకో ఊళ్ళో అయితే రెండో నెలకే జబ్బని తెలిసేది. మా ఊళ్ళో ఆయన తెలివికి పేరొచ్చింది. ఈయనకు ఏదో తెలుసని రెండు పార్టీల వాళ్ళూ వచ్చి, "ఏంది మామా సంగతి?" అని ఆరా తీసేవాళ్ళు. దాంతో ఆయన భయం ఇంకా ముదిరింది. బస్సు టికెట్టుకు కండక్టరు పెట్టిన చిల్లు తన జాడ చెప్పే గుర్తు అన్నాడొకసారి. నిజమేమోనని మేమూ ఆ టికెట్టును వెలుతురుకు పెట్టి చూశాం.

ఆయన భార్య, మా చిన్నమ్మ, పెట్టిన సంగటి ముద్దను విషమని ఆయన తోసేసిన రోజుతో నవ్వులాట అయిపోయింది. తిండి లేక మనిషి సగమయ్యాడు. "ఈమే మందు పెట్టింది" అని జేజి తేల్చేసింది. మందు పెట్టడమంటే, మొగుణ్ణి కొంగుకు కట్టేసుకోవడానికి తిండిలో ఏదో కలపడం. ఆ మందు కక్కించేవాడి దగ్గరికి తీసుకుపోతే ఉన్న ఓపికా పోయింది. చివరికి మా నాయన ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. డాక్టరు అంతా విని, "ఇతన్ని చంపాలనుకునేవాళ్ళు నిజంగా ఉన్నారా?" అని అడిగాడు. మా నాయన వేళ్ళ మీద లెక్కేసి, "చెప్పలేం సార్" అన్నాడు. "ఉన్నా లేకున్నా ఇది జబ్బే. షుగరు మాదిరి లోపల పుట్టింది, ఎవరూ పెట్టింది కాదు. మందు మానకుండా వాడాలి" అన్నాడు డాక్టరు. మందు అన్న ఆ ఒక్క మాట చాలు. "మందా? ఈమె చేత్తోనా?" అన్నాడు చిన్నాయన.

అయినా మాత్రలు అయిపోతూనే వచ్చాయి. చిన్నమ్మ మాత్రం పొయ్యి దగ్గరే తూగేది. "నాటకాలు ఆడతాంది" అనేది జేజి. ఇంత మందుకు ఇంకా గుణం కనిపించాలే అని నాలుగో నెలలో డాక్టరు నిలదీస్తే బయటపడింది. రోజూ చిన్నమ్మ మాత్రను రెండు ముక్కలు చేసి, ముందు తను ఒకటి మింగి నోరు తెరిచి చూపిస్తే తప్ప చిన్నాయన రెండోది ముట్టేవాడు కాదట. డాక్టరు ఆమెను బాగా కోప్పడ్డాడు. చిన్నాయన తల దించుకున్నాడు. ఇంటికొచ్చాక ఆమె మాత్ర విరవబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"పొద్దంతా తూగుతాండావు. ఇంగ నీకొద్దు, అంతా నాకే ఇయ్యి."

చిన్నాయన అనుమానం రెండేళ్ళకు దారికొచ్చింది. చిన్నమ్మ మీద జేజి అనుమానం మాత్రం జేజి పోయేదాకా, ఇంకో ఇరవై ఏళ్ళు, అట్లే ఉండింది. దాన్ని మేమెవరమూ జబ్బనుకోలేదు.