చుక్క ముట్టని చంద్రకళ

చంద్రకళ తాగదు. పదకొండేళ్లుగా చెన్నై నుంగంబాక్కంలోని ఒక హోటల్ బార్‌లో వోడ్కాకు పండ్ల రసాలు కలిపి ఊరందరి చేతా తాగిస్తోంది గానీ, తాను చుక్క ముట్టలేదు. ఇదేం విడ్డూరమమ్మా అన్నవాళ్లను, "మిఠాయి కొట్టాయన దినామూ లడ్డు తింటాడా ఏంది?" అని ఎదురు అడుగుతుంది.

పుట్టి పెరిగింది పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో. వంట నేర్పింది అవ్వ. ఆ ఇంట్లో దేవుడికి పెట్టకముందు ఏదీ ఎంగిలి చేయకూడదు. అందుకని అవ్వ పులుసు మీద మూత తీసి, ఆవిరి పీల్చి, ఉప్పు చాలిందో లేదో చెప్పేది. ఒక్కసారి తప్పితే ఒట్టు! మనవరాలికి ఆ ముక్కే వచ్చింది. "సారా కొట్లో పనికి పోతావా?" అని చుట్టాలు కాఫీ తాగుతూ బుగ్గలు నొక్కుకున్న రోజున, వాసన పట్టి, "ఆ కాఫీలో పాలు విరగబోతా ఉండాయి, తొందరగా తాగేయండి" అని చెప్పి పనికి వెళ్లిపోయింది.

మొన్న మార్చిలో హెడ్ బార్‌టెండర్ పదవి ఖాళీ అయింది. హెడ్ దగ్గర ఉండే బార్ తాళాలు మేనేజర్ చేతికి వెళ్లాయి. అందరికంటే సీనియర్ చంద్రకళే. కానీ విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన మేనేజర్ అనంత్‌కు గోవా బార్లలో పనిచేసి వచ్చిన కార్తీ మీద మనసు.

"తాగనిదానివి, నీకు రుచి ఏం తెలుస్తుంది చంద్రకళా?"

"తెలీదని ఎవురు చెప్పినారు సార్? పరీక్ష పెట్టండి."

మర్నాడు మధ్యాహ్నం, బార్ తెరవకముందు, అనంత్ మూడు గ్లాసులు వరసగా పెట్టాడు. అన్నీ జామ కలిపిన వోడ్కాలే. ఒకదాంట్లోనే తాజా పండు ఉందట, మిగతావి సీసా సిరప్. కార్తీ మూడూ చప్పరించి, కళ్లు మూసుకుని, "రెండోది సార్. ఆ ఫ్రెష్‌నెస్సే వేరు" అన్నాడు.

చంద్రకళ ఒక్కో గ్లాసూ ముక్కు దగ్గర పెట్టుకుంది. వోడ్కాకు తనదంటూ పెద్దగా వాసన ఉండదు, వేసిన పండే పైకి తేలుతుంది. పెరంబూరు స్టేషన్ బయట బండి మీద కోసే జామకాయ వాసన ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. అది మూడింట్లోనూ లేదు. మేనేజర్ మాట అబద్ధమంటే పదవి మీద ఆశ వదులుకున్నట్టే. అయినా నోరు ఊరుకుంటుందా!

"ఈడ జాంపండే లేదు సార్. మూడూ ఒకే సీసా."

కార్తీ తల దించుకున్నాడు. అనంత్ ఇబ్బందిగా నవ్వాడు.

"పట్టేశావే! నేనే పోశాను. అయినా హెడ్ అన్నాక గెస్టు ముందు ఒక్క గుక్క తాగి చూపించాలి కదా. అది పద్ధతి."

ఆమెకు ఒళ్లు మండింది. మారు మాట్లాడకుండా జామపండు కోసింది, నలిపింది. ఉప్పు, కారం, నిమ్మరసం, వోడ్కా షేకర్‌లో వేసి గిలకొట్టింది. వాసన చూసి, ఇంకో చుక్క నిమ్మరసం పిండి, గ్లాసు ఆయన ముందుకు తోసింది.

"మా అవ్వ అరవై ఏండ్లు ఎంగిలి చేయకుండా వండింది. దేవుడే వంక పెట్టలేదు. మీ గెస్టు ఆయన కంటే పెద్దోడా సార్? కలిపేది నేను, తాగేది మీరు. ఏం తక్కువైందో చెప్పండి."

అనంత్ ఒక గుక్క తాగాడు. మరో గుక్క తాగాడు. వంక వెతుకుతూ వెతుకుతూ గ్లాసు ఖాళీ చేశాడు.

చంద్రకళ చేయి చాచింది.

"తాళాలు ఇట్లియ్యండి సార్. బార్ తెరిచే టైమైంది."