గాలి చూసే వెర్లిన్

వెర్లిన్ పది అడుగులు నడిస్తే పదకొండో అడుగు గాలి చూడడానికే. జేబులోంచి పౌడర్ డబ్బా తీసి ఒక్క నొక్కు నొక్కి, ఎగిరిన పొడి ఎటు పోతుందో కళ్లార్పకుండా చూసేవాడు. ఒక ఆదివారం చర్చి మెట్ల మీద కూడా నొక్కాడు. పాస్టరు గారి నల్ల కోటు తెల్లబడింది.

మోంటానా కొండల్లో ఎల్క్ దుప్పుల వేటంటే గాలి చూడాల్సిందే. పొద్దున చల్లగాలి కొండ మీంచి లోయలోకి జారుతుంది. ఎండెక్కాక లోయలోంచి పైకి లేస్తుంది. మనిషి వాసన దుప్పి ముక్కుకు తగిలిందంటే ఆ రోజు వేట సరి. ఇది వెర్లిన్ బావమరిది డెన్నీకి తెలియంది కాదు. కానీ ఆకు కదలని చోట కూడా వెర్లిన్ ఆగేవాడు.

"గాలి తిరిగింది. కూర్చో."

"ఎక్కడ తిరిగింది బావా? పొడి నీ బూట్ల మీదే పడింది."

"అదే నా అనుమానం. ఒక పావుగంట చూద్దాం."

ఆరేళ్లు ఇదే వరస. డెన్నీ ఈ కథ చెప్పి బారంతా నవ్వించేవాడు. ఏడో ఏడు, గట్టు మీద పెద్ద కొమ్ముల మగదుప్పి కనబడ్డాక కూడా వెర్లిన్ అతన్ని కూర్చోబెట్టాడు. లేచేసరికి దుప్పి లేదు.

"చచ్చేదాకా గాలి చూసుకో. నేనిక నీతో రాను," అనేశాడు డెన్నీ.

ఆ చలికాలమే మంచు మీద జారిపడి వెర్లిన్ తుంటి విరిగింది. ఇక కొండెక్కలేడన్నారు డాక్టర్లు.

మరుసటి ఏడు డెన్నీ సామిల్లులో పనిచేసే రాయిస్‌తో వెళ్లాడు. రాయిస్ ఎక్కడా ఆగే రకం కాదు. అరమైలు ఎక్కేసరికి డెన్నీకి ఛాతీ పట్టేసింది, కళ్లు బైర్లు కమ్మాయి. ఒక చెట్టు మొదట్లో కూలబడి చుట్టూ చూశాడు. వెర్లిన్ ఎప్పుడూ కూర్చోబెట్టే చోటే అది. డెన్నీ గుండెకు స్టెంట్ వేసి ఏడేళ్లయింది. బావగారి పావుగంటలు మొదలైందీ ఆ ఏడే.

ఆ మధ్యాహ్నమే డెన్నీ వెర్లిన్ ఇంటికి వెళ్లాడు. వరండాలో చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు వెర్లిన్.

"నాకోసమని చెప్పొచ్చుగా బావా."

"చెబితే కూర్చునేవాడివా?"

"అంత మంచి దుప్పిని నా మూలంగా పోగొట్టుకున్నావు. పైగా నానా మాటలూ అన్నాను. నీ కాళ్లు బాగున్న చివరి ఏడు అది."

వెర్లిన్ కొండవైపు చూశాడు.

"దాని సంగతి వదిలెయ్," అన్నాడు. "వాసన దాకా ఎందుకు, నీ ఆయాసం చప్పుడుకే అవి పక్క జిల్లాకు పోయేవి."

అని, పక్క కుర్చీలో నిద్రపోతున్న పిల్లిని కర్రతో మెల్లగా కిందికి దించాడు.