ఎర్ర రేకుల షెడ్డు

జ్ఞానేశ్వరిగారంటే నాకు ఒళ్లుమంట. ఇందులో దాచుకోవడానికేం లేదు, గుణదలలో మా అపార్ట్‌మెంట్ మొత్తానికీ తెలుసు. మొదటి అంతస్తులో మావి ఎదురెదురు గుమ్మాలు. ఆవిడ కాలేజీలో కామర్స్ లెక్చరర్. నా చెప్పుల స్టాండు రెండంగుళాలు ఆవిడ వైపు జరిగిందని వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టిన మనిషి.

ఆవిడ కొడుకు సాత్విక్ హాస్టల్‌కి పోతూ కంప్యూటర్‌లో ఒక ఆట వదిలిపోయాడు. దిమ్మెలు పేర్చి ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే ఆట. ఆవిడ దాన్ని పట్టుకున్నారు. కట్టేది తక్కువ, స్క్రీన్‌షాట్లు తీసేది ఎక్కువ. తెర మీది గుర్తులన్నీ మాయం చేస్తారు. చూపుని మోకాలి ఎత్తుకి దించుతారు. ఆటలో పొద్దు వాలి ఎండ ఏటవాలుగా పడేదాకా కుర్చీలోంచి లేవరు. పొద్దున్నే గ్రూపులో అందరూ గులాబీలతో గుడ్‌మార్నింగ్ చెబితే, ఆవిడ ఈ బొమ్మలు పెట్టేవారు. బాగుండేవి. నాకు మండేది అందుకే.

అలాంటి మనిషితో నేను చేతులు కలపాల్సివచ్చింది. పార్కింగ్ కప్పు మీద, మా రెండు వంటిళ్ల కిటికీల ముందు, ఖాళీ జాగా ఉంది. మాకు వెలుతురొచ్చేది అక్కణ్ణుంచే. పై అంతస్తు మాణిక్యంగారు అక్కడ రేకుల షెడ్డు వేయిద్దామన్నారు. వ్రతాలకీ పుట్టినరోజులకీ పనికొస్తుందట. ఆదివారం మీటింగులో చేతులెత్తించి తేల్చేస్తామన్నారు.

నేనే వెళ్లి ఆవిడ తలుపు కొట్టాను.

"మనిద్దరం పట్టపగలు చీకట్లో వండుకోవాలండీ. మీ ఆటలో మన బిల్డింగూ ఆ షెడ్డూ కట్టి గ్రూపులో పెట్టండి. చూసినవాళ్లు జడుసుకోవాలి."

కట్టారు. మొదటి బొమ్మ ఆటలో మిట్టమధ్యాహ్నం తీసింది. షెడ్డు గోదాములా దిగబడి ఉంది. వెనక మా కిటికీలు నల్లగా, కన్నాల్లా ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇది చాలండీ, పెట్టెయ్యండి."

"ఇదా? ఛీ. నాకు తియ్యడం రాదనుకోరూ?"

"చెత్తగా ఉండాలనే కదండీ మన బాధ!"

"నా పేరు మీద అలాంటిది వెళ్లదు శాంభవిగారూ. చెప్పుల స్టాండు ఎక్కడ పెట్టాలో తెలీనివాళ్లు నాకు ఫొటోల సంగతి చెప్పకండి."

ఆదివారం పొద్దున గ్రూపు తెరిచాను. సాయంత్రపు ఎండలో షెడ్డు మెరిసిపోతోంది. ఎర్ర రేకులు, స్తంభానికి కాగితప్పూల తీగ, ముందు వాన నీటి మడుగులో దాని నీడ. చీకటిగా ఉంటే బొమ్మ చచ్చిపోతుందని మా కిటికీల్లో దీపాలు కూడా పెట్టారు మహాతల్లి. కింద మాత్రం, 'ఈ షెడ్డు వల్ల మా వంటిళ్లకు వెలుతురు పోతుంది' అని రాశారు. అది ఎవరు చదివారు? గ్రూపు నిండా హృదయాలూ చప్పట్లూ.

"మేడమ్, నేననుకున్నదానికన్నా అద్భుతంగా ఉందండీ. ఇలాగే కట్టిద్దాం!" అని పెట్టారు మాణిక్యంగారు.

మీటింగులో మా ఇద్దరివి తప్ప చేతులన్నీ లేచాయి. మెట్ల దగ్గర ఆవిణ్ణి నిలబెట్టి, "తగలెయ్యండి మీ బొమ్మల్ని!" అని నలుగురూ వినేలా అరిచాను.

షెడ్డు లేచింది. ఇప్పుడు పొద్దున పది గంటలకి కూడా నేను ట్యూబ్‌లైట్ వేసుకునే కూర తరుగుతున్నాను. మొన్న ఆవిడ తలుపు తీసి ఉంది. వంటింటి కిటికీ దగ్గర నిలబడి, మొహం కందగడ్డ చేసుకుని షెడ్డు కేసి చూస్తున్నారు. ఇన్నాళ్లకి తెలిసొచ్చిందన్నమాట. అనుభవించండి అనడానికే లోపలికెళ్లాను.

"చూశారా శాంభవిగారూ," అన్నారు. "నేను ఎర్ర రేకులు పెడితే వీళ్లు నీలంవి వేశారు. సాయంత్రపు ఎండ నీలం మీద ఏం నిలుస్తుందండీ?"

ఆవిడ నెత్తిమీద ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. వెనక్కి తిరిగి వచ్చేశాను. వస్తూ వస్తూ నా చెప్పుల స్టాండుని ఆవిడ గుమ్మం వైపు ఇంకో జానెడు నెట్టాను.