మదామ్ రెండోసారి అడగలేదు

మెట్రో మెట్లెక్కి వీధిలోకి రాగానే ఏ బేకరీ తలుపు సందులోంచో వెన్న పూసి కాల్చిన పిండి వాసన తగిలిందంటే చాలు, ఇప్పటికీ నా కాళ్లు ఆఫీసు సంగతి మరిచిపోతాయి. ఇదే మాంట్రియల్‌లో నేను నాలుగో తరగతి చదివిన రోజుల్లోకి, మంచు కరుగుతున్న మా పాత వీధిలోకి, నిద్రలో నడిచినట్టు నడిచి వెళ్లిపోతాను.

అప్పట్లో మన పిల్లలు చదువులకని గుంపులు గుంపులుగా దిగుతుండేవారు. మేం అద్దెకిచ్చే బేస్‌మెంట్ గది ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. అందులో దిగినవాళ్లందరిలోకీ కరీంనగర్ నుంచి వచ్చిన స్రవంతి అక్క మాత్రం అచ్చంగా నాది. ఎండాకాలం పార్కు దగ్గరి బండి మీద చీజూ టమాటా ముక్కలూ పెట్టిన పొడవాటి శాండ్‌విచ్ కొని సగం విరిచి ఇచ్చేది. నేను వద్దన్నా తన వాటాలోంచి ఇంకో ముక్క నోట్లో కుక్కేది. కరకరలాడే ఆ పెచ్చు నమిలితే రాలే పొడి కోసం పావురాలు మా చెప్పుల చుట్టూ తిరిగేవి. చలికాలం బిస్ట్రో అనే చిన్న ఫ్రెంచి హోటలు అద్దానికి ముక్కులు ఆనించి, లోపలివాళ్లు ఉల్లిపాయ సూపు మీది చీజు తీగలు సాగదీసుకుంటుంటే చూస్తూ నిలబడేవాళ్లం. ఇంట్లో అమ్మ నిన్నటి బగెట్ రొట్టెకు కరివేపాకు తాలింపు పెట్టి ఉప్మా చేసేది, నాన్న ఆ రొట్టెనే పప్పుచారులో ముంచుకుని, ఫ్రెంచివాళ్లు చూస్తే ఏడుస్తారని నవ్వేవాడు.

ఆ ఏడు అక్క చదువు అయిపోయింది, వర్క్ పర్మిట్ వచ్చింది, పని మాత్రం దొరకలేదు. దొరక్కపోతే నెలాఖరుకు దూరంగా వాటర్లూ అనే ఊళ్లో ఉన్న ఫ్రెండ్స్ దగ్గరికి వెళ్లిపోతానంది. నాకు అన్నం సహించలేదు. అంతలో మా వీధి మలుపులోని బేకరీ యజమానురాలు మదామ్, కౌంటరులో అమ్మడానికి మనిషి కావాలని, ఒకసారి వచ్చి కనపడమంది. అక్కకు ఫ్రెంచి అంతంత మాత్రం, నాది బడి ఫ్రెంచి. కాబట్టి నేనూ వెంట వెళ్లాను.

మోచేతుల దాకా పిండి అంటుకున్న మదామ్ పొగలు కక్కుతున్న వెన్నపొరల రొట్టె, క్రోసాంట్ ఒకటి అక్క ముందు పెట్టి, రుచి చూడమంది. పొద్దున్నుంచీ ఏమీ తినని అక్క చక్కగా నవ్వి వద్దంది. మన ఇళ్లలో మొదటి వద్దుకు విలువేముంది! మళ్లీ అడగాలి, చెయ్యి పట్టుకోవాలి, కంచంలో పడెయ్యాలి. మదామ్ ముఖం గంటు పెట్టుకుని ప్లేటు లోపలికి పట్టుకుపోయింది. తన చేతి రొట్టె తినని పిల్ల దాన్నెలా అమ్ముతుందని లోపల ఎవరితోనో అనడం నాకు వినిపించింది.

"ఏందే, మళ్ల అడుగుతదనుకున్న! ఒక్కసారికే తీస్కపాయె," అంది అక్క బయటికొచ్చి, ఏడవలేక నవ్వుతూ.

ఇంటికొచ్చి చెబితే అమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో రామ! ఇంకోసారి అననే లేదా? ఏం మనిషమ్మా ఆవిడ!"

నేనూరుకోలేదు. అక్కను మళ్లీ లాక్కెళ్లి, మా ఇళ్లలో మొదటిసారి వద్దనడమే మర్యాద అనీ, అక్కకు చచ్చేంత ఆకలిగా ఉందనీ, దయచేసి ఇంకోసారి అడగమనీ మదామ్‌తో గబగబా చెప్పేశాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. నవ్వాపుకుని, ప్లేటు తెచ్చి అడిగింది. ఖర్మ, అలవాటు కొద్దీ అక్క తల మళ్లీ అడ్డంగా ఊగింది! గట్టిగా గిల్లాను. అప్పుడు తింది, కళ్లు మూసుకుని, వేళ్లు నాకుతూ.

పని దొరికింది, అక్క ఆ చలికాలమంతా నాకు దక్కింది. సాయంత్రం తలుపు తీస్తే మంచుగాలితో పాటు బాదంపొడి వాసన, విరిగిన క్రోసాంట్ల సంచీ, లోపల ఇంకా గట్టిపడని చాక్లెట్. ఒక ఆదివారం నన్ను ఆ బిస్ట్రో లోపలికే తీసుకెళ్లింది. సూపు నాలుక కాల్చింది. అయినా అంత సుఖం మళ్లీ ఎరగను.

ఇప్పుడా బేకరీ లేదు, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మదామ్ ఏమైందో తెలీదు. అక్క దేశానికి ఆ చివర, పడమటి తీరాన బర్నబీలో పెద్ద ఉద్యోగం చేస్తోంది. మొన్న పని మీద అటు వెళ్లి, వాళ్లింట్లో ఒక పూట ఉన్నాను. ఓవెన్లోంచి తను స్వయంగా చేసిన క్రోసాంట్లు తీసి, "తింటావా?" అంది. ఆకలి దంచేస్తోంది. "వద్దక్కా," అన్నాను.

"ఓకే," అని ట్రే మీద గుడ్డ కప్పి, లాప్‌టాప్ తెరుచుకుంది.

మళ్లీ అడుగుతుందని ఫ్లైటు వేళయ్యేదాకా చూశాను. అడగలేదు.